పాల కేంద్రం యాప్‌లో వత్తులు తెగడం, పేర్లు సగంలో ఆగడం: ఏ సంగతికి ఏ పెట్టె వాడాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఊళ్లో పాల సేకరణ కేంద్రం కోసం ఆండ్రాయిడ్ యాప్ రాస్తున్నారు. రైతు నంబరు, పేరు, లీటర్లు, ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) ఎక్కిస్తే డబ్బు లెక్క కట్టి చూపించాలి, అంతా తెలుగులో ఉండాలి. మూడు చిక్కులు వచ్చాయన్నారు. పేర్లలో కింది వత్తులు తెగిపోతున్నాయి. పొడుగు పేర్లు సగంలో ఆగిపోతున్నాయి. డబ్బు చూపించడానికి డిసేబుల్ చేసి (రాయనివ్వకుండా ఆపేసి) పెట్టిన ఎడిట్‌టెక్స్ట్‌ను, అంటే రాసే పెట్టెను, జనం పదేపదే నొక్కి "పనిచేయట్లేదు" అంటున్నారు. చివర్లో, ఎక్కడ టెక్స్ట్‌వ్యూ (చూపించడానికే ఉండే అక్షరాలు) పెట్టాలో ఎక్కడ ఎడిట్‌టెక్స్ట్ పెట్టాలో తేల్చుకోవడానికి ఏదైనా పద్ధతి ఉందా అని అడిగారు.

ఆ చివరిదే అసలు ప్రశ్న. అది తేలితే మూడో చిక్కు దానంతట అదే పోతుంది.

నేను పాటించే పద్ధతి ఇది. తెర మీద పెట్టబోయే ప్రతి సంగతి దగ్గరా ఆగి, "ఇది యాప్‌కు ముందే తెలుసా, లేక ఎదురుగా ఉన్న మనిషే చెప్పాలా?" అని చూసుకుంటాను. తెలిసినదైతే చూపిస్తాను. మనిషి చెప్తే తప్ప తెలియనిదైతేనే పెట్టె పెడతాను. మీ తెరనే తీసుకోండి. రైతు నంబరు కొట్టగానే పేరు డేటాబేస్‌లో దొరుకుతుంది. కాబట్టి పాలు పోసే తెర మీద పేరు చూపించాల్సినదే కానీ రాయించుకోవాల్సినది కాదు. తేదీ ఫోన్‌కు తెలుసు. ఉదయం పూటా, సాయంత్రం పూటా అన్నది గడియారం చెప్తుంది, పక్కన "మార్చు" అని ఒకటి ఉంటే చాలు. రేటు, డబ్బు మీరే లెక్క కడతారు. ఇక మిగిలేవి నాలుగే: నంబరు, లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్. పాల ఎనలైజర్‌ను ఫోన్‌కు కలిపితే అందులోనూ రెండు పోతాయి.

ఇదేదో అందం కోసం చెప్తున్నది కాదు. ఒక పాల కేంద్రంలో తెల్లవారుజామున నిలబడి చూశాను. ఎక్కించే ఆయన కుడిచేయి తడిగా ఉంటుంది, ఎడమచేతిలో శాంపిల్ గ్లాసు. ఎదురుగా క్యాన్లు పట్టుకుని పదిహేను మంది. తడి వేలు పెట్టగానే తెర ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. ఆయన ఒక్కో రైతుకు ఒక్కో పెట్టె అదనంగా నొక్కాల్సి వస్తే లైను ఎంత వెనక్కి పడుతుందో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. మీరు కూడా ఒక్క పూట వెళ్లి నిలబడండి. ఆ గంట మీకు నేను రాసే దానికన్నా ఎక్కువ నేర్పుతుంది.

ఇక డిసేబుల్ చేసిన పెట్టె సంగతి. చుట్టూ గీత ఉన్న పెట్టె చూస్తే ఎవరికైనా "ఇక్కడ రాయాలి" అనే అనిపిస్తుంది. దాన్ని బూడిద రంగు చేసినంత మాత్రాన ఆ అర్థం పోదు, "ఇప్పుడు రాయనివ్వట్లేదు, ఏదో చేస్తే రాయనిస్తుందేమో" అన్న అర్థం వస్తుంది. అందుకే నొక్కుతున్నారు. పైగా ఆ బూడిద అక్షరాలు ట్యూబ్‌లైటు కింద సరిగా కనబడవు. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ నియమాలు చెప్తాయి. డిసేబుల్ చేసినవాటికి ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది, అందుకే డిజైన్ కిట్లలో అవి అంత పాలిపోయి ఉంటాయి. రైతు అన్నిటికన్నా ముందు చూసే అంకె ఆ డబ్బే. దాన్ని పాలిపోయిన రంగులో పెట్టకూడదు. మామూలు టెక్స్ట్‌వ్యూ పెట్టి, తెర మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో, నల్లగా చూపించండి. గీత వద్దు, పెట్టె వద్దు.

కాపీ చేసుకోవాల్సిన సంగతి అయితే, ఉదాహరణకు రైతు బ్యాంకు ఖాతా నంబరు, టెక్స్ట్‌వ్యూకే టెక్స్ట్‌ఈజ్‌సెలెక్టబుల్ అన్నది ట్రూ చేస్తే సరిపోతుంది. రేపు ఇదే వెబ్‌లో చేయాల్సి వస్తే ఒకటి గుర్తుంచుకోండి: హెచ్‌టీఎంఎల్‌లో డిసేబుల్ చేసిన పెట్టెలోని విలువ ఫారమ్‌తో పాటు సర్వర్‌కు వెళ్లదు, రీడ్‌ఓన్లీ పెట్టెలోది వెళ్తుంది. ఈ తేడా తెలియక విలువ ఖాళీగా వస్తోందని రోజంతా వెతికినవాళ్లను చూశాను.

ఇప్పుడు వత్తులు. దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: ఎత్తును అంకెతో బిగించడం. డిజైన్ ఇంగ్లీషు అక్షరాలతో గీస్తారు. అందులో వరుస ఎత్తు 20 డీపీ (తెర మీద కొలతకు వాడే యూనిట్) అని ఉంటుంది, దాన్ని అలాగే లేఅవుట్‌లోకి దించుతాం. ఇంగ్లీషు అక్షరానికి కిందా మీదా పెద్దగా ఏమీ ఉండదు. మనకు పైన గుడి, ఏత్వం. కింద ఒక వత్తు, కొన్నిసార్లు వత్తు కింద ఇంకో వత్తు. "రాష్ట్రం"లో ష కింద ట వత్తు, ర వత్తు రెండూ రావాలి. "జ్యోత్స్న"లో త కింద స వత్తు, న వత్తు. 20 డీపీలో ఇవి పట్టవు. లేఅవుట్ ఎత్తును వ్రాప్‌కంటెంట్ చేయండి, అప్పుడు లోపలి అక్షరాలను బట్టి ఎత్తు అదే సర్దుకుంటుంది. కనీసపు ఎత్తు కావాలంటే మిన్‌హైట్ పెట్టండి కానీ ఎత్తును బిగించకండి. ఇన్‌క్లూడ్‌ఫాంట్‌ప్యాడింగ్ అన్నదాన్ని ఎవరైనా ఫాల్స్ చేసి ఉంటే తీసేయండి. పైనా కిందా ఖాళీ ఎక్కువైందని దాన్ని ఆపేస్తుంటారు, తెలుగుకు ఆ ఖాళీ అవసరం. కంపోజ్‌లో (ఆండ్రాయిడ్ తెరలు రాసే కొత్త పద్ధతి) రాస్తున్నట్లయితే 1.6 వెర్షన్ నుంచి అది మామూలుగానే ఆగిపోయి ఉంటుంది, కాబట్టి అక్కడ లైన్‌హైట్‌ను మీరే చూసుకోవాలి. ఒకటి కన్నా ఎక్కువ వరుసలుంటే వరుసల మధ్య దూరం కనీసం 1.2 రెట్లు ఇవ్వండి. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తగులుతాయి.

ఆండ్రాయిడ్‌లో ఎలిగెంట్‌టెక్స్ట్‌హైట్ అని ఒక సెట్టింగ్ ఉంది. మన లిపి లాంటి పొడుగు లిపులను కుదించకుండా వాటి అసలు కొలతల్లో చూపించడానికే అది పెట్టారు. ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసే (ఆ వెర్షన్ కోసం రాశామని ప్రకటించుకునే) యాప్‌లలో అది మామూలుగానే ఆన్ అయి ఉంటుంది. అంటే మీరు టార్గెట్ వెర్షన్ పెంచిన రోజున తెలుగు వరుసల ఎత్తు మారుతుంది, బిగించిన ఎత్తులున్న ప్రతిచోటా కొత్తగా తెగుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది, అప్‌డేట్ తర్వాత పాడైంది" అనే ఫిర్యాదులు కొన్ని ఇలాంటివే.

ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచి కూడా చూడండి. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా పెంచుకోవచ్చు. యాభై దాటినవాళ్ల ఫోన్లలో అక్షరాలు పెద్దవి చేసి ఉండటం మామూలే. అక్షరాల కొలత ఎస్‌పీలోనే (ఫోన్‌లో పెట్టుకున్న అక్షరాల సైజును బట్టి మారే యూనిట్) ఇవ్వండి. అందం చెడుతోందని డీపీలో బిగిస్తే ఆ పెద్దాయనకు మీ యాప్ ఒక్కటే చదవడానికి రాదు.

రెండో చిక్కు, పేరు సగంలో ఆగడం. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన భాషలో యాప్‌లు రాసేవాళ్లలో చాలామంది ఇక్కడే తడబడతారు.

మీరు మ్యాక్స్‌లెంగ్త్ (పెట్టెలో ఎంతదాకా రాయవచ్చన్న హద్దు) 15 పెట్టారని రాశారు. "పదిహేను అక్షరాలు చాలవా" అనిపిస్తుంది. వెంకటసుబ్రహ్మణ్యేశ్వరరావు అనే పేరును తీసుకుందాం. మనం లెక్కపెడితే వెం, క, ట, సు, బ్ర, హ్మ, ణ్యే, శ్వ, ర, రా, వు: పదకొండు అక్షరాలు. కానీ కంప్యూటర్ దాచుకునేది అక్షరాలుగా కాదు. వ వేరు, ఎత్వం వేరు, సున్నా వేరు. బ, పొల్లు, ర కలిస్తేనే "బ్ర". ఇలాంటి ఒక్కో ముక్కను కోడ్ అందాం. అలా విడివిడిగా లెక్కిస్తే ఆ పేరు 25. ఆండ్రాయిడ్ మ్యాక్స్‌లెంగ్త్ లెక్కించేది ఈ 25నే. 15 దగ్గర కత్తి పడితే మిగిలేది "వెంకటసుబ్రహ్మణ్". పేరు పొల్లుతో ఆగిపోయింది కదా, మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఉన్నట్టే.

ఇక్కడితో అయిపోలేదు. యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే ఒక పద్ధతి) తెలుగు కోడ్ ఒక్కోదానికి మూడు బైట్లు. కాబట్టి అదే పేరు 75 బైట్లు. మీ సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్ అయితే వార్‌క్యార్ 25 అంటే 25 కోడ్‌లే, పట్టేస్తుంది. ఒరాకిల్ అయితే వార్‌క్యార్2 అన్నది మామూలుగా బైట్లు లెక్కిస్తుంది, అక్కడ 25 పెడితే ఎనిమిది కోడ్‌లు దాటగానే ఎర్రర్ వస్తుంది. ఇక "తెర మీద కనిపించే అక్షరాలు" లెక్కపెట్టే లైబ్రరీ వాడదామనుకుంటే, పాత యూనికోడ్ నియమాల ప్రకారం ఈ పేరు 15 వస్తుంది. అప్పట్లో "బ్ర"ను "బ్" ఒకటి, "ర" ఒకటి అని విడదీసేవారు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయకూడదన్న నియమం చేర్చారు. దాని ప్రకారం లెక్కిస్తే 11. ఒకే పేరుకు నాలుగు లెక్కలన్నమాట: 11, 15, 25, 75. మీ ఫోన్ ఒకటి చెప్పి, సర్వర్ ఇంకోటి చెప్తే మధ్యలో రైతు పేరు నలుగుతుంది.

నా సలహా: పేరుకు హద్దు అనేది మనిషికి అడ్డు తగలకుండా పెట్టండి. 100 కోడ్‌లు, సర్వర్‌లో 300 బైట్లు. తెలుగు పేరు ఏదైనా పట్టాలి. స్థలం కలిసొస్తుందని పేరు కోయకండి. అది ఆయన పేరు.

తెర మీద స్థలం చాలదంటారా, దాన్ని దాచుకునే చోట కాదు, చూపించే చోట చూసుకోండి. జాబితాలో పేరును రెండు వరుసల్లోకి వెళ్లనివ్వండి. మరీ తప్పకపోతే టెక్స్ట్‌వ్యూలోని ఎలిప్‌సైజ్ (పట్టనిచోట చుక్కలు పెట్టే సెట్టింగ్) వాడండి. మొదటి 12 కోడ్‌లు తీసుకుని చివర మూడు చుక్కలు మీరే అతికించే ప్రోగ్రామ్ మాత్రం రాయకండి. పై పేరును అలా కోస్తే "వెంకటసుబ్రహ్..." అవుతుంది. డబ్బు అంకెను, లీటర్ల అంకెను ఎప్పుడూ చుక్కలు పెట్టి కుదించకండి.

పేరు పెట్టెకు మీరు పెట్టిన "అక్షరాలు మాత్రమే" అనే ఫిల్టర్ గురించి కూడా చెప్పాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (ఏ గుర్తులు రావచ్చో చెప్పే సూత్రం) యూనికోడ్ లెటర్ అనే తరగతిని ఒక్కదాన్నే పెట్టారు. శ్రీను అనే పేరులో శ, ర, న లెటర్లు. పొల్లు, దీర్ఘం గుడి, కొమ్ము మాత్రం లెటర్లు కావు, మార్క్ అనే తరగతి. ఆ తరగతిని కూడా చేర్చకపోతే మీ యాప్‌కు శ్రీను అన్నది తప్పు పేరు. చుక్క, ఖాళీ కూడా చేర్చండి, ఇంటిపేరు పొడి అక్షరంగా రాసేవాళ్లుంటారు. ఇంకోటి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని కంటికి కనిపించని గుర్తు ఒకటుంది. రాజ్‌కుమార్ అన్న పేరులో జ్ తర్వాత అది ఉంటేనే అలా కనిపిస్తుంది. కనిపించని గుర్తులన్నీ తుడిచేసే ట్రిమ్ ఫంక్షన్ ఎక్కడైనా పెట్టి ఉంటే అది రాజ్కుమార్ అయిపోతుంది.

ఆ కనిపించని గుర్తు ఎంత పని చేస్తుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ్ఞా అనే అక్షరంలో ఞ వత్తు తర్వాత ఆ గుర్తు పడి, ఆపైన దీర్ఘం వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో దాన్ని చూపించబోయిన యాప్ ఆగిపోయేది. కొన్ని రోజుల్లో 11.2.6 విడుదల చేసి సరిచేశారు. అక్షరాన్ని చూపించడం అంటే లోపల ఎంత పని జరుగుతుందో ఆ ఒక్క సంగతి చాలు చెప్పడానికి. మన యాప్‌లో కూడా అలాంటి పదాలతో ఒకసారి పరీక్షించాలి.

ఫిల్టర్ ఎప్పుడు పనిచేయాలన్నది కూడా ముఖ్యమే. తెలుగు టైపు చేసేవాళ్లు ఒక్కో పద్ధతిలో చేస్తారు. కొందరు ఇన్‌స్క్రిప్ట్ (నేరుగా తెలుగు అక్షరాలుండే కీబోర్డు), చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు మాట ఎంచుకుంటారు, కొందరు మైకు నొక్కి చెప్తారు. ఇంగ్లీషుతో కొట్టే పద్ధతిలో, కొన్ని కీబోర్డుల్లో మాట పూర్తయ్యేదాకా పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి. మీ ఫిల్టర్ ఒక్కో అక్షరం పడగానే "తెలుగు కాదు" అని తుడిచేస్తే ఆ మనిషి పేరు కొట్టలేడు. రాస్తున్నంతసేపు వదిలేయండి. ఆయన తర్వాతి పెట్టెలోకి వెళ్లినప్పుడు చూడండి. టెక్స్ట్‌వాచర్‌లోంచి (ఒక్కో అక్షరం పడగానే నడిచే ప్రోగ్రామ్ ముక్క) పెట్టెలోని మాటను తిరగరాయడం కూడా ఇలాంటి తప్పే, కీబోర్డు కూర్చుతున్న మాట మధ్యలో తెగిపోతుంది. తెలుగు పెట్టె అని కీబోర్డుకు చెప్పడానికి ఐఎంఈహింట్‌లొకేల్స్ అని ఆండ్రాయిడ్ 7 నుంచి ఉంది. కీబోర్డు దాన్ని పాటిస్తే నేరుగా తెలుగులో తెరుచుకుంటుంది.

రైతును కొత్తగా చేర్చుకునే తెరలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు పెట్టెలు పెట్టారు. దయచేసి తీసేయండి. మన ఇంటిపేరు ముందు వస్తుంది. "మొదటి పేరు" అంటే కొందరు ఇంటిపేరు రాస్తారు, కొందరు అసలు పేరు రాస్తారు, జాబితా కలగాపులగం అవుతుంది. విదేశాలకు వెళ్లిన మనవాళ్లు సర్‌నేమ్, గివెన్ నేమ్ పెట్టెల వల్ల ఎంత అవస్థ పడతారో మీ బంధువుల్లోనే ఎవరినైనా అడగండి. మేం ఒకప్పుడు క్లినిక్ కోసం రాసిన ఫారంలో లాస్ట్ నేమ్ కనీసం రెండక్షరాలు ఉండాలని పెట్టాం. ఇంటిపేరును ఒకే పొడి అక్షరంగా రాసుకునే ఒక పెద్దావిడ రిజిస్టర్ కాలేకపోయారు. రిసెప్షన్‌లో అమ్మాయి ఆ అక్షరాన్నే రెండుసార్లు కొట్టి పని కానిచ్చింది. తర్వాత చూస్తే అలాంటివి జాబితాలో ఇంకా చాలా ఉన్నాయి. "పేరు, బ్యాంకు పుస్తకంలో ఉన్నట్టుగా" అని ఒకే పెట్టె పెట్టండి. మీకు కావాల్సింది డబ్బు సరైన ఖాతాకు చేరడం, అంతే కదా.

అంకెల పెట్టెలకు వద్దాం. లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ మూడింటికీ ఇన్‌పుట్‌టైప్ నంబర్‌డెసిమల్. అంకెల కీబోర్డే పైకి వస్తుంది, చుక్క కూడా ఉంటుంది. ఇక్కడ వచ్చే తప్పు ఒక్కటే రకం: చుక్క పడదు. 6.2 కొట్టబోతే 62, 4.5 కొట్టబోతే 45. తడి వేలు, తొందర, ఇంకేం కావాలి. గేదె పాలలో ఫ్యాట్ 62 ఉండదని యాప్‌కు తెలియాలి. అలాగని "తప్పు" అని ఎర్ర అక్షరాలతో ఆపేయకండి. "ఫ్యాట్ 62 అని పడింది. 6.2 అనా?" అని అడిగి, 6.2 అనే బటన్ ఒకటి చూపించండి. ఒక్క నొక్కుతో సరిపోతుంది. లీటర్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి, 45 లీటర్లు పోసేవాళ్లూ ఉంటారు. అందుకని అందరికీ ఒకే హద్దు పెట్టకుండా, ఆ రైతు నిన్న ఇదే పూట ఎంత పోశాడో పెట్టె కింద చిన్నగా చూపించండి: "నిన్న ఉదయం 4.5". ఎక్కించే ఆయన కన్ను దాని మీద పడుతుంది, తప్పు ఆయనకే కనిపిస్తుంది. మొత్తం యాప్‌లో నాకు బాగా నచ్చే భాగం ఇదే అవుతుంది, మీరు పెడితే. చూపించే ఆ చిన్న వరుస, రాసే పెట్టెను కాపలా కాస్తుంది.

చుక్క అవసరమే లేకుండా 45 కొడితే 4.5గా తీసుకునే పద్ధతి కూడా ఉంది. నేను వద్దంటాను. అలవాటుగా చుక్క కొట్టేవాళ్లకు అది గందరగోళం.

అంకెల్లా కనిపించినా అంకెలు కానివి కొన్నుంటాయి. మొబైల్ నంబరు, ఖాతా నంబరు, పిన్‌కోడ్. వీటితో కూడికలు చేయం. వీటిని ఇంటిజర్‌గా దాచకండి, ముందున్న సున్నా ఎగిరిపోతుంది. ఖాతా నంబర్లు సున్నాతో మొదలయ్యేవి చాలా ఉంటాయి. మొబైల్ పెట్టెలో ఎవరైనా ముందు 0 గానీ ప్లస్ 91 గానీ మధ్యలో ఖాళీలు గానీ పెడితే తిట్టకుండా మీరే తీసేసి పది అంకెలు మిగుల్చుకోండి. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో 11 గుర్తులు, ఐదోది ఎప్పుడూ సున్నానే. జనం అక్కడ ఇంగ్లీషు ఓ కొడతారు, ఎందుకంటే పక్కనున్నవి అక్షరాలు. ఐదో చోట ఓ పడితే సున్నాగా మార్చేయండి, అడగాల్సిన పని కూడా లేదు. ఆధార్ పెట్టె కూడా పెట్టారు. పాలు పోయించుకోవడానికి ఆధార్ ఎందుకు? అవసరం లేనిది అడగకండి. ఎప్పుడైనా నిజంగా కావాల్సి వస్తే 12 అంకెలను నాలుగేసి చొప్పున విడదీసి చూపించండి. చివరి అంకె వెర్‌హాఫ్ పద్ధతిలో లెక్కించిన చెక్ అంకె కాబట్టి, ఒక అంకె తప్పు కొట్టినా పక్కపక్క అంకెలు తారుమారైనా నెట్‌వర్క్ లేకుండానే ఫోన్‌లోనే పట్టుకోవచ్చు.

పెట్టె పైన పేరు గురించి. మీరు హింట్ ఒక్కటే పెట్టారు, అంటే పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు "ఫ్యాట్" అని లేత రంగులో ఉంటుంది, అంకె కొట్టగానే మాయమవుతుంది. తర్వాత 6.2, 8.7 అని రెండు అంకెలు మిగులుతాయి, ఏది ఏదో చూసేవాళ్లకు తెలియదు. ఎదురుగా నిలబడ్డ రైతు తెరలోకి తొంగి చూస్తాడు, ఆయనకు కూడా తెలియాలి. టెక్స్ట్‌ఇన్‌పుట్‌లేఅవుట్ వాడండి, రాయడం మొదలుపెట్టగానే ఆ మాట చిన్నదై పెట్టె పైకి వెళ్లి నిలుస్తుంది. లేదా పైన విడిగా ఒక టెక్స్ట్‌వ్యూ పెట్టి లేబుల్‌ఫర్‌తో కలపండి. అప్పుడు టాక్‌బ్యాక్ (తెరను చదివి వినిపించే సాధనం) వాడేవాళ్లకూ పెట్టె పేరు వినిపిస్తుంది. ఏ మాట పెట్టాలన్నది నిఘంటువులో వెతకకండి. కొన్ని ఊళ్లలో వెన్న శాతం అంటారు, కొన్ని చోట్ల ఫ్యాట్ అనే అంటారు. మీ కేంద్రంలో ఇచ్చే స్లిప్పు మీద ఏముందో అదే పెట్టండి.

తప్పు చెప్పే మాట పెట్టె కిందే, ఆ పెట్టెకు సంబంధించినదే ఉండాలి. "చెల్లని ఇన్‌పుట్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, టెన్షన్ తప్ప. "లీటర్లు వేయలేదు" అనండి. "ఈ నంబరుతో రైతు ఎవరూ లేరు" అనండి.

కీబోర్డు విషయం త్వరగా చెప్తాను. ఐఎంఈఆప్షన్స్‌లో ఒక్కో పెట్టెకు యాక్షన్‌నెక్స్ట్, చివరిదానికి యాక్షన్‌డన్ పెట్టండి. నంబరు, లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్, అంతే, మధ్యలో తెరను తాకాల్సిన పని ఉండకూడదు. కీబోర్డు పైకి వచ్చినప్పుడు డబ్బు అంకె దాని కింద దాగిపోతోందేమో చూడండి. అడ్జస్ట్‌రీసైజ్ (కీబోర్డు వచ్చినప్పుడు తెరను కుదించే సెట్టింగ్) పెట్టినా, ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేస్తే తెర అంచుదాకా పరుచుకుంటుంది కాబట్టి కీబోర్డు ఎత్తును మీరే లెక్కలోకి తీసుకోవాలి. డబ్బును పెట్టెల పైన పెడితే ఈ గొడవే ఉండదు. నేనైతే అలాగే పెడతాను. బటన్లు కనీసం 48 డీపీ ఎత్తు, మీ కేంద్రంలో తడి వేళ్లు కాబట్టి 56 చేయండి.

డబ్బు మొత్తం చూపించేటప్పుడు నంబర్‌ఫార్మాట్‌కు తెలుగు, ఇండియా లొకేల్ ఇవ్వండి. ఆండ్రాయిడ్ 1,25,000 అని మన పద్ధతిలో కామాలు పెడుతుంది. పదిహేను రోజుల బిల్లు జాబితాలో అంకెలను కుడివైపుకు సర్దండి, చుక్క కింద చుక్క రావాలి. పాయింట్ తర్వాత ఒకచోట ఒక అంకె, ఇంకోచోట రెండు ఉంటే కన్ను మోసపోతుంది.

ఎస్ఎంఎస్ స్లిప్పు పంపుతామని కూడా రాశారు. తెలుగులో పంపితే ఒక మెసేజ్‌కు 70 కోడ్‌లే పడతాయి, ఇంగ్లీషులో అయితే 160. పైన చెప్పిన పేరే 25 తినేస్తుంది. 70 దాటితే మెసేజ్ ముక్కలై ఒక్కో ముక్కలో 67 చొప్పున వెళ్తుంది, ప్రతి ముక్కకూ విడిగా డబ్బు పడుతుంది. స్లిప్పులో పేరు బదులు రైతు నంబరు పెట్టండి. తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్, రూపాయలు చక్కగా పడతాయి.

ఇక పరీక్షించడం. టెస్ట్ 1, టెస్ట్ 2 అని పేర్లు పెట్టి చూడకండి. ఈ పేర్లు ఎక్కించండి: వెంకటసుబ్రహ్మణ్యేశ్వరరావు, జ్యోత్స్న, కృష్ణమూర్తి, రాజ్‌కుమార్, లక్ష్మి, ఊరి పేరుకు ఏదైనా "రాష్ట్ర" లాంటి మాట. రెండేళ్ల కిందటి చవక ఫోన్‌లో, అక్షరాల సైజు ఒకసారి మామూలుగా, ఒకసారి పూర్తిగా పెంచి చూడండి. ఇంగ్లీషుతో కొట్టే కీబోర్డుతో ఒకసారి, మైకుతో ఒకసారి పేరు ఎక్కించండి. సేవ్ చేసి, యాప్ మూసి, తెరిచి, సర్వర్ నుంచి వచ్చిన పేరు మీరు కొట్టిన పేరుతో కోడ్‌కు కోడ్ సరిపోతోందా చూడండి. ఐత్వం ఉన్న పేరు కూడా ఒకటి చేర్చండి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ, రెండు కోడ్‌లుగానూ రాయవచ్చు. సేవ్ చేసే ముందు ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఆ రెండు రూపాలనూ ఒకటిగా చేయడం) చేయకపోతే చూడ్డానికి ఒకేలా ఉన్న పేరు వెతికితే దొరకదు.

ముందు ఎత్తులు, మ్యాక్స్‌లెంగ్త్, డిసేబుల్ పెట్టె ఈ మూడూ మార్చండి, గంటలో అయ్యే పని. ఆ తర్వాత "నిన్న ఉదయం" వరుస. మార్చాక పాలు పోసే తెర స్క్రీన్‌షాట్ రెండు సైజుల్లోనూ పెట్టండి, కీబోర్డు తెరిచి ఉన్నప్పటిది. ఇంకా ఎక్కడైనా వత్తు తెగుతుంటే చూసి చెప్తాను.